అక్కని ఎవరు మోస్తారు?

పిల్లల కథలకి మనం పెట్టుకున్న నియమాలు కొన్ని వున్నాయి. రాజుగారికి ఏడుగురు కొడుకులుండాలి. రాక్షసుడు చావాలి, రాకుమారుడు బతకాలి. ఆఖర్న అందరూ కలిసి పప్పన్నం తినాలి. రాక్షసుడి చావు ఒక చావు కిందే లెక్కరాదు కాబట్టి, మొత్తం మీద పిల్లల కథల్లో ఎవరూ చావరనే చెప్పాలి. మరి, కథ మొదలైన కాసేపటికే కథానాయకుడు చచ్చిపోయి, ఇంకాసేపటికి ఆ కథ చెబుతున్న పసివాడు కూడా పోతే? "చాల్లెండి, అదేం పిల్లల పుస్తకం, శుభమా అని చదువుకోక!" అంటారు కదూ?

అలాంటి పుస్తకం ఒకటి వుంది. దాన్ని నేను పిల్లలకి చదివి వినిపించాను కూడా. అదీ, తల్లి పోయిన పిల్లలకి.

రాసినావిడ స్వీడన్ దేశస్థురాలు, ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్. 1907లో పుట్టి, తొంభై నాలుగేళ్ళు నిండుగా బతికి, 2002లో పోయింది. రెండు జడలూ రెండు పక్కలకి నిక్కబొడుచుకుని, గుర్రాన్ని రెండు చేతుల్తో ఎత్తేసే పిప్పీ అనే అల్లరిపిల్లని 1945లో ప్రపంచం మీదకి వదిలింది ఈవిడే. అంత నవ్వించిన మనిషి, అరవై అయిదు దాటాక, 1973లో "ది బ్రదర్స్ లయన్‌హార్ట్" అనే ఈ పుస్తకం రాసింది. రెండేళ్ళకి అది ఇంగ్లీషులోకి వచ్చింది. నాకు మాత్రం ఆబిడ్స్‌లో ఆదివారంనాడు, పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాల్లో, ఒక వంటల పుస్తకానికీ పోటీ పరీక్షల గైడుకీ మధ్య నలిగిపోతూ దొరికింది.

కథ ఏమిటంటే, ఒక పేదింట్లో ఇద్దరన్నదమ్ములు. తండ్రి సముద్రం మీద వెళ్ళి తిరిగి రాలేదు. తల్లి బట్టలు కుట్టి సంసారం ఈదుతోంది. పెద్దవాడు జోనాథన్‌కి పదమూడేళ్ళు. అందగాడు, బుద్ధిమంతుడు, వూరందరికీ ఇష్టుడు. చిన్నవాడు కార్ల్‌కి పదేళ్ళు ఇంకా నిండలేదు. దగ్గు, నీరసం. వంటింట్లో వేసిన పక్క మీదనుంచి లేవలేడు. ఆ అన్నకి రస్కులంటే ఇష్టమట, తమ్ముడన్నా అంత ఇష్టమే కాబట్టి వాణ్ణి ముద్దుగా "రస్కీ" అంటాడు. (మన ఇళ్ళల్లో బుజ్జిగా, బుడిగీ అన్నట్టు!) తను ఎక్కువ రోజులు బతకనని రస్కీ ఎవరో అనుకోగా వింటాడు. భయపడిపోయిన తమ్ముణ్ణి దగ్గరకి తీసుకుని, చనిపోయాక వెళ్ళే నాంగియాలా అనే లోకం గురించి చెబుతాడు అన్న. అక్కడ ఇంకా చలిమంటల చుట్టూ కథలు చెప్పుకునే రోజులేనట.

కానీ ముందు పోయింది తమ్ముడు కాదు. తల్లి ఇంట్లో లేనప్పుడు ఇల్లంటుకుంటే, అన్న తమ్ముణ్ణి వీపున వేసుకుని మేడమీద కిటికీలోంచి దూకాడు. తమ్ముడు బతికాడు. అన్న పోయాడు. ఆ తరవాత రస్కీ అనుకునే మాట ఒకటుంది - వూళ్ళో ప్రతివాళ్ళూ, అన్న బదులు వీడు పోయినా బాగుండేదని మనసులో అనుకుంటున్నారని. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు బయటకి చూస్తూ కూచున్నాను. అన్నో అక్కో పోయిన ఇంట్లో మిగిలిన పిల్లలు ఏమనుకుంటారో ఇంత సూటిగా చెప్పిన వాక్యం పెద్దవాళ్ళ నవలల్లో కూడా నేను చదవలేదు.

రెండు నెలలకి రస్కీ కూడా నాంగియాలా చేరుకుంటాడు. అక్కడ దగ్గు లేదు. గుర్రమెక్కగలడు, ఈదగలడు. అన్న వున్నాడు. అంతటితో ఆగితే అది ఒక తీపి మాత్ర అయ్యేది. కానీ ఆవిడ ఆపలేదు. చెర్రీ పూల లోయ పక్కనున్న గులాబీల లోయని టెంగిల్ అనే నిరంకుశుడు చెరబట్టి వున్నాడు. వాడి చేతిలో కాట్లా అనే నిప్పులు కక్కే ఘోర జంతువుంది. చెర్రీ లోయలో సోఫియా అనే ఆవిడ పావురాలతో రహస్యంగా కబుర్లు పంపుతుంటే, ఎవరో వాటిని బాణాలతో కొట్టేస్తున్నారు. అంటే మనవాళ్ళల్లోనే ఒక ద్రోహి వున్నాడు. ఎవడు వాడు? అదీ రహస్యం.

ఈ పుస్తకం ఎలా పుట్టిందో ఆవిడే తరవాత చెప్పుకుంది. తన సొంతవూరు విమ్మర్‌బీ శ్మశానంలో ఒక ఇనుప శిలువ మీద, 1860లో పోయిన ఇద్దరు పసి అన్నదమ్ముల పేర్లు కనిపించాయట. చావు గురించీ, ఇద్దరన్నదమ్ముల గురించీ రాయాలని అక్కడే తోచిందట. పుస్తకం వచ్చిన మరుసటి సంవత్సరమే, 1974లో, ఆవిడ స్వంత అన్న గున్నార్ పోయాడు.

ఇక మా ఇంటి సంగతి.

మా తమ్ముడి భార్య కిందటేడు కార్తీకంలో పోయింది. జబ్బు పెద్దది, వ్యవధి చిన్నది. ముప్ఫై ఎనిమిదేళ్ళు. నన్ను "వదినా" అని పిలిస్తే ఆ పిలుపులోనే సగం నవ్వు వుండేది. ఇద్దరు పిల్లలు. పెద్దదానికి పన్నెండు, చిన్నవాడికి ఎనిమిది.

పదో రోజున వచ్చిన వాళ్ళు చిన్నవాడితో చెప్పిన మాట ఒకటి: "అమ్మ వూరెళ్ళింది నాన్నా, నువ్వు బాగా చదువుకుంటే వస్తుంది." పెద్దదాని తల నిమిరి చెప్పిన మాట ఇంకొకటి: "ఇకనుంచి తమ్ముడికి అమ్మవి నువ్వే తల్లీ!" రెండో మాట ఎంతమంది అన్నారో లెక్కపెడదామనుకుని, రెండు చేతుల వేళ్ళూ అయిపోయాక మానేశాను. అందరూ మంచివాళ్ళే. కళ్ళనీళ్ళతో అన్నవాళ్ళే. మనకి తెలిసిన ఓదార్పు మాటలు అంతకంటే లేవు మరి.

వేసవి సెలవులకి ఇద్దర్నీ నా దగ్గరకి తీసుకొచ్చాను. పెద్దది తెల్లారకముందే లేచేది. తమ్ముడి గోళ్ళు తీసేది, వాడు తిన్న కంచం కడిగేది, వాడి చొక్కా గుండీలు వూడితే సూదీ దారం అడిగేది. తన పొడుగాటి జుట్టుని మాత్రం ఒక రబ్బరు బ్యాండులో బిగించి వదిలేసేది. ఒక్కసారి ఏడవలేదు. "ఎంత గట్టిపిల్లో! కంట తడి పెట్టదు" అని మా ఎదురింటావిడ మెచ్చుకుంది. నాకు ఆ మెచ్చుకోలు వింటే గుండెల్లో రాయి పడ్డట్టనిపించింది.

చిన్నవాడు తెచ్చుకున్న సంచీలో రెండు జతల బట్టలు, ఒక క్రికెట్ బంతి, వాటి కింద జాగ్రత్తగా మడతపడకుండా పెట్టుకున్న ప్రోగ్రెస్ కార్డు. "ఇదెందుకురా ఇక్కడికి?" అన్నాను. "ఫస్టొచ్చాను అత్తా" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. నాకు అర్థం కావటానికి ఒక్క క్షణం పట్టింది. బాగా చదువుకుంటే వస్తుందన్నారు కదా! వాడు తన వంతు చేసేశాడు. అమ్మ మా ఇంటికి వచ్చినా వస్తుందేమోనని, చూపించటానికి వెంట తెచ్చుకున్నాడు.

ఆ రాత్రే నేను ఆ పుస్తకం బీరువాలోంచి తీశాను.

రాత్రిళ్ళు మేడమీద పక్కలు వేసుకుని, టార్చిలైటు వెలుగులో, ఇంగ్లీషు చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పేదాన్ని. రస్కీ అనే పేరు వినగానే చిన్నవాడు నవ్వాడు. అన్న చచ్చిపోయిన దగ్గర మాత్రం ఇద్దరూ వూపిరి బిగబట్టారు. నేను గొంతు తగ్గించకుండా, "వూరెళ్ళాడు" అనకుండా, "చచ్చిపోయాడు" అనే చదివాను. ఆ మాట పైకి అన్నందుకు ఆకాశమేమీ విరిగి పడలేదు.

ద్రోహి ఎవరన్నది వచ్చేసరికి చిన్నవాడికి నిద్ర ఎగిరిపోయింది. పాత కేలండరు కాగితం వెనక అనుమానితుల జాబితా రాశాడు. ముందు హ్యూబర్ట్ అనే వేటగాడి పేరు. "వాడు ఎప్పుడూ కోపంగా చూస్తాడు కదా!" అని వాడి వాదన. పెద్దది పక్కన పడుకుని చుక్కలు చూస్తూ, "కాదు, పూటకూళ్ళింటి జోస్సీ. మరీ ఎక్కువ నవ్వుతున్నాడు" అంది. చివరికి జోస్సీయే అని తేలింది. వాడి రొమ్ము మీద కాట్లా ముద్ర కూడా కాల్చి వుంది. తమ్ముడు అక్క వంక భక్తిగా చూశాడు. "నీకెలా తెలిసింది?" అంటే, "మనింట్లో కూడా అంతేగా. అమ్మ హాస్పిటల్లో వున్నప్పుడు, ఎవరు నాకు ఎక్కువ చాక్లెట్లిస్తే వాళ్ళకే చెడ్డవార్త తెలుసని నాకర్థమయ్యేది" అంది పన్నెండేళ్ళ పిల్ల!

అప్పుడు తెలిసింది నాకు, ఇంత దుఃఖం వున్న కథలో ఆవిడ డిటెక్టివు కథని ఎందుకు కలిపిందో. చావొచ్చిన ఇంట్లో పిల్లలందరూ డిటెక్టివులే. మనం తలుపులు దగ్గరగా వేసుకుని గుసగుసలాడతాం. పిల్లలు రాగానే మాట మార్చేస్తాం. వాళ్ళు ఆ సగం మాటల్నీ, ఎర్రబడ్డ కళ్ళనీ, అకస్మాత్తుగా పెరిగిన ముద్దుల్నీ ఆధారాలుగా పోగేసుకుంటారు. పోగేసుకుని, ఒంటరిగా, ఏదో ఒక తీర్పుకి వస్తారు. మా చిన్నవాడిలాగా.

1948లో మేరియా నాగీ అనే హంగరీ శాస్త్రజ్ఞురాలు, పిల్లలు చావుని ఎలా అర్థం చేసుకుంటారో వాళ్ళనే అడిగి, బొమ్మలు వేయించి, ఒక వ్యాసం ప్రచురించింది. అయిదేళ్ళలోపు వాళ్ళకి చావంటే ప్రయాణం, నిద్ర. మళ్ళీ తిరిగి రావచ్చు. ఆ తరవాత తొమ్మిదేళ్ళ దాకా అది ఎవరో మనిషిలా వచ్చి పట్టుకుపోయేది. అది అందరికీ తప్పనిదని తెలిసేది ఆపైన. వయసుల లెక్కలు తరవాతి వాళ్ళు సవరించారు కానీ, "వూరెళ్ళింది" అన్న మాటని పసివాళ్ళు అక్షరాలా నమ్ముతారన్నది ఏ తల్లికైనా తెలిసిన సంగతే. మనం పెద్దవాళ్ళం ఆ మాటని అబద్ధమని తెలిసి అంటాం. వాళ్ళు బస్సు టైము అడుగుతారు.

తమాషా ఏమిటంటే, చావు గురించి పసివాడి చేతే ప్రశ్న అడిగించింది మన దేశమే. తండ్రి కోపంలో యముడికిచ్చేశానంటే, నచికేతుడు నిజంగానే యముడి గుమ్మం ముందు మూడు రాత్రులు పస్తుండి, చచ్చిపోయాక ఏమవుతుందని అడిగాడు. బంగారం ఇస్తాను, రాజ్యం ఇస్తాను, ఆ ఒక్కటీ అడక్కన్నాడు యముడు. పిల్లవాడు వినలేదు. మన బాలనాగమ్మ కథలో బాలవర్ధిరాజు కూడా పసివాడే. తల్లిని ఎత్తుకుపోయిన మాయల మరాఠీ ప్రాణం ఎక్కడ దాచాడో కనుక్కుని, సముద్రాలు దాటి ఆ చిలకని పట్టుకున్నాడు. ఇన్ని కథలు చెప్పిన మనం, మనింట్లో పిల్ల ప్రశ్న అడిగేసరికి చేతిలో చాక్లెట్ పెడతాం!

ఇక ఆ పుస్తకం ముగింపు. దాని మీద స్వీడన్‌లో పెద్ద గొడవే అయింది. టెంగిల్ పోతాడు, కాట్లా పోతుంది. కానీ కాట్లా నిప్పు సోకి జోనాథన్ కాళ్ళూ చేతులూ కదలవు. ఇక మిగిలింది ఇంకో లోకం, నాంగిలీమా. అక్కడికి వెళ్ళాలంటే కొండ అంచునుంచి దూకాలి. అన్న నడవలేడు. అప్పుడు ఎప్పుడూ భయపడే ఆ తమ్ముడు, అన్నని తన వీపున వేసుకుని, చీకట్లోకి అడుగేస్తాడు. పిల్లలకి ఆత్మహత్య నేర్పుతున్నారా అని విమర్శకులు కోప్పడ్డారు. పిల్లలు మాత్రం ముగింపు బాగుందని ఆవిడకి వుత్తరాలు రాశారు. పిల్లలకి ఓదార్పు కావాలని ఆవిడ జవాబు.

విమర్శకుల భయం అర్థం లేనిది కాదు. అందుకే చెబుతున్నాను, ఇది పిల్లల చేతికిచ్చేసి మనం వంటింట్లోకి వెళ్ళిపోయే పుస్తకం కాదు. పక్కన కూచుని, వాళ్ళ ఒంటి మీద చెయ్యి వేసి చదవాల్సింది.

ఆ చివరి రాత్రి నేను అలాగే కూచున్నాను. చదవటం అయింది. కాసేపటికి చిన్నవాడు అడిగాడు. "అత్తా, దూకితే అమ్మ దగ్గరకి వెళ్తామా?"

మీరే చెప్పండి, ఏమనాలి? నేను పుస్తకం పక్కన పెట్టేశాను. "వెళ్ళం నాన్నా" అన్నాను. "దూకితే దెబ్బ తగిలి మనమూ చచ్చిపోతాం, అంతే. నాంగియాలా కథలో వుంది. అమ్మ వూరెళ్ళలేదు. జబ్బు చేసి చచ్చిపోయింది. చచ్చిపోయిన వాళ్ళు తిరిగి రారు. నువ్వు ఫస్టొచ్చినా రాదు, ఆఖరొచ్చినా రాదు. నీ వల్ల పోలేదు, నీ వల్ల రాకుండా వుండలేదు."

వాడు ఏడిచాడు. చిన్నపిల్లల ఏడుపు కాదది, పెద్దవాళ్ళలా చప్పుడు లేకుండా. వాణ్ణి దగ్గరకి తీసుకుంటుంటే, వెనకనుంచి ఇంకో ఏడుపు వినిపించింది. పెద్దది. ఆర్నెల్లు దాచుకున్నది. "నాకు అమ్మని అవటం రావటం లేదు అత్తా" అంది వెక్కుతూ. "నాకు జడ వేసుకోవటమే రాదు. అమ్మే వేసేది. అందుకే బ్యాండు పెట్టేసుకుంటున్నా."

పన్నెండేళ్ళ పిల్లని ఇంకొకరికి అమ్మని చేసేశామే గానీ, దాని జడ ఎవరు వేస్తారని మా ఇంటికొచ్చిన అంతమందిలో ఒక్కరికీ తోచలేదు! "నువ్వు వాడికి అమ్మవి కావక్కర్లేదు తల్లీ, అక్కవి. అక్కలాగే వుండు. మిగతాది మీ నాన్నా నేనూ చూసుకుంటాం" అన్నాను. ఈలోగా చిన్నవాడు కళ్ళు తుడుచుకుని, అక్క జుట్టు వంక పరీక్షగా చూసి, "రస్కీ మోశాడుగా. నేను నేర్చుకుంటాలే జడ" అన్నాడు.

ఒట్టి మాటలనుకున్నారా? మర్నాడు పొద్దున్నే నా దగ్గర కూచుని, కొబ్బరితాడు మూడు పాయలు తీసి, కుర్చీ కోడుకి కట్టి నేర్చుకున్నాడు. నాలుగో రోజుకి అక్క నెత్తి మీదకి వచ్చాడు. ఒక పాయ లావు, ఒక పాయ సన్నం, జడ ఎడమ పక్కకి ఒరిగిపోయింది. పెద్దది అద్దంలో చూసుకుని, "ఇదేం జడరా, వానపాములా వుంది" అని విరగబడి నవ్వింది. వచ్చినప్పట్నించీ ఆ పిల్ల నవ్వు వినటం అదే మొదలు. అయినా విప్పలేదు. సాయంత్రం దాకా అలాగే తిరిగింది.

ఒక్క పుస్తకంతో వాళ్ళ దుఃఖం తీరిపోయిందని నేను అనను. తీరదు, తీరక్కర్లేదు కూడా. ప్రోగ్రెస్ కార్డు ఏంచెయ్యాలా అని వాడు రెండు రోజులు ఆలోచించి, చివరికి వాళ్ళ నాన్నకి చూపించాలని మళ్ళీ సంచీలో పెట్టుకున్నాడు. నాకు అది చాలనిపించింది.

లిండ్‌గ్రెన్ గురించి ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ముసలితనంలో ఆవిడా, ఆవిడ చెల్లెళ్ళూ ఫోను చేసుకుంటే, ముందుగా "చావు, చావు" అని ఒకరికొకరు అనేసుకునేవారట. ఎలాగూ మనసులో వుండే ఆ మాటని ముందే పైకి అనేసి, తరవాత తీరిగ్గా కబుర్లు చెప్పుకోవటానికి! మనకి అంత ధైర్యం ఇప్పట్లో రాదనుకోండి. కానీ మా తమ్ముడు మొన్న ఫోను చేసినప్పుడు, పలకరింపులు కాకుండానే, "రేపు తన పుట్టినరోజు అక్కా" అన్నాడు. పెళ్ళాం మాట ఎత్తితే గొంతు పూడుకుపోయి ఫోను పెట్టేసే మనిషి! పిల్లలే గుర్తు చేశారట. రేపు ఏంచేద్దామంటే, ఆవిడకిష్టమైన గుత్తివంకాయ కూర వండాలని పెద్దది, వండటం నాన్నే చెయ్యాలని చిన్నవాడు తీర్మానించారట. "నాకు రాదే మరి?" అన్నాడు తమ్ముడు.

కాగితం, కలం తెచ్చుకోమని, వంకాయలు నాలుగు పక్షాలుగా చీల్చటం దగ్గర్నించీ చెప్పటం మొదలుపెట్టాను.